మాచల్దేవి చిత్రశాల నుండి చేర్యాల పటం వరకు: గృహాంతరాలంకరణలో కథ

ఇంటీరియర్ డిజైన్ అని నేడు వ్యవహరిస్తున్న గృహాంతరాలంకరణ రంగంలో ‘కథ’ అనే మాట విరివిగా వినిపిస్తోంది. ఇల్లయినా హోటలైనా గోడలు, దీపాలు, ఆసనాలు కలిసి ఒక కథ చెప్పాలని, అందులో యజమాని వ్యక్తిత్వం ప్రతిఫలించాలని డిజైనర్లు అంటున్నారు. ఈ ఆలోచన కొత్తదిగా ప్రచారం పొందుతున్నా, తెలుగు సాహిత్యానికి ఇది పాత పరిచయమే. అయితే కథను గోడకు తగిలించడం వేరు, గోడ చేత కథ చెప్పించడం వేరు. ఈ భేదాన్ని కొన్ని నిదర్శనాలతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. మాచల్దేవి ఎంపిక

వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన ‘క్రీడాభిరామం’ ఓరుగల్లు నగర సంచారాన్ని వర్ణించే వీథి నాటకం. (కర్తృత్వ వివాదం ఇక్కడ ప్రస్తుతం కాదు.) మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రుల ఆనాటి సంచారంలో ప్రతాపరుద్రుని ఆదరానికి పాత్రురాలైన మాచల్దేవి చిత్రశాల ప్రస్తావన వస్తుంది. దారుకావనంలో శివుడు, గోపికలతో కృష్ణుడు, అహల్యా దేవేంద్రులు, తారా చంద్రులు, మేనకా విశ్వామిత్రులు ఆ చిత్రాలలోని పాత్రలు.

ఈ పట్టికను సాంఘిక చరిత్రకు ఆధారంగా చాలామంది వాడుకున్నారు. ఎంపిక వెనుక ఉన్న తర్కాన్ని కూడా గమనించాలి. ఇవన్నీ కోరిక నియమాన్ని దాటిన కథలు. పట్టాభిషేకమో, సీతాస్వయంవరమో వీటిలో లేదు. దేవతలు, మునులు సైతం ఈ దారిన నడిచినవారేనని వేశ్యాగృహానికి వచ్చే అతిథికి గోడలే చెబుతున్నాయి, యజమానురాలు నోరు విప్పనక్కరలేదు. కవి ఈ మాట అనలేదు, ఇది నా అన్వయం మాత్రమే. కానీ వ్యక్తిత్వాన్ని ప్రతిఫలించే అలంకరణకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం ప్రాచీన సాహిత్యంలో నాకు కనిపించలేదు.

2. చేర్యాల పటం: చుట్టలో కథ

సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ చిత్రకళ నేడు హోటళ్ల లాబీలలోనూ అపార్టుమెంట్ల హాళ్లలోనూ విస్తృతంగా కనిపిస్తోంది. ఖద్దరు గుడ్డకు గంజి, చింతగింజల అంబలి, సుద్దమట్టి పట్టించి ఆరబెట్టి, ఎర్రని నేపథ్యం మీద బొమ్మలు గీస్తారు. ఇది మొదట గోడ కోసం పుట్టిన కళ కాదు. పటం కథకుని చేతి సాధనం. నిలువుగా విప్పే చుట్టలో అడ్డు వరుసలుగా ఘట్టాలు ఉంటాయి. కథకుడు పాడుతూ ఒక్కొక్క వరుసను విప్పుతాడు, రాబోయే ఘట్టం చుట్టలోనే దాగి ఉంటుంది. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం, మాదిగలకు డక్కలివారు జాంబపురాణం చెప్పడం ఈ సంప్రదాయంలోనిదే. అంటే పటం ఒక కులం తన పుట్టుకను తాను వినే సందర్భం. వాడి వాడి జీర్ణమైన పటాన్ని నదిలో నిమజ్జనం చేసే ఆచారం కూడా ఉండేది.

అద్దం బిగించిన చట్రంలోకి చేరగానే పటం స్వభావం మారుతుంది. చేర్యాల చిత్రం అంటే మద్దెల వాయించే మనిషి, కుండ మోసే స్త్రీ, తాటిచెట్టు ఎక్కే గౌడు అని కొనుగోలుదారుకు స్థిరపడిపోయింది. ముందు ఘట్టం, వెనుక ఘట్టం తెగిపోయి బొమ్మ మాత్రం మిగిలింది. చిన్న చిత్రాలకు గిరాకీ ఏర్పడటం వల్లనే మిగిలిన కొద్ది నకాషీ కుటుంబాలు వృత్తిలో నిలిచాయన్నది కాదనలేని సత్యం. కాబట్టి చట్రాన్ని నిందించడం అన్యాయం. చిత్రకారునికి దొరికిన ఆ ఆదరువు కథకునికి దొరకలేదన్నదే అసలు సమస్య.

డిజైనరు చేయగలిగినది లేకపోలేదు. పొడవైన వరండా కంటె మెట్లగోడ ఈ పటానికి తగిన స్థలం. పటం నిలువుగా సాగుతుంది, మెట్లూ నిలువుగా సాగుతాయి. కథ పైవరుసలో, సాధారణంగా వినాయకునితో మొదలవుతుంది కనుక దిగేవారికి ఘట్టాలు వరుసగా ఎదురవుతాయి. ఎక్కేవారు ముగింపు నుండి మొదటికి చదువుకోవలసి వస్తుంది. ఆ చిక్కు తీరాలంటే చిత్రకారునితో ముందే మాట్లాడి వరుసలను కింది నుండి పైకి రాయించుకోవాలి. పూర్తయిన పటాన్ని కొని తగిలించే పద్ధతిలో ఇది సాధ్యం కాదు.

3. కదలని వస్తువులు

హోటళ్లలో భిన్నమైన ఉదాహరణ హైదరాబాదు ఫలక్‌నుమా. 1884లో వికారుల్ ఉమ్రా నిర్మాణం ప్రారంభించిన ఈ ప్రాసాదం తరువాత ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ అధీనంలోకి వచ్చింది. పునరుద్ధరణ అనంతరం 2010లో హోటలుగా తెరుచుకుంది. నూటొక్క మంది కూర్చునే భోజనబల్ల ఇప్పటికీ భోజనశాలలోనే ఉంది. ఇక్కడ కథను కల్పించవలసిన పని లేదు, వస్తువును దాని చోటు నుండి కదిలించకపోతే చాలు. కొత్తగా కట్టే హోటలుకు ఈ సౌలభ్యం ఉండదు. అది కథను బయటి నుండి తెచ్చుకోవాలి, తెచ్చుకున్నప్పుడు ఎవరి కథ తెచ్చామో తెలిసి ఉండాలి.

ఇంటి విషయంలో ఈ ప్రశ్న మరింత సూక్ష్మమైనది. మగ్గం ముందు కూర్చున్న భావనారుషి చిత్రం ఒక ఇంట్లో రంగుల పొందిక. తాతల నాడు మగ్గం వదిలి నగరానికి వచ్చిన పద్మశాలీ కుటుంబంలో అది వంశవృక్షం. అయినా ఆ ఇంటి పిల్లలకు చిత్రంలోని వ్యక్తి ఎవరో చెప్పేవారు కావాలి. పటం రాసినవారి పేరు చిత్రం కింద ఉండటం, గృహప్రవేశం నాడు ఒక పూట కూనపులి కథకుని పిలిచి తగిన సంభావన ఇచ్చి కథ చెప్పించడం ఖర్చు రీత్యా పెద్ద విషయాలు కావు. సీలింగు దీపాలకు అయ్యే వ్యయంలో అవి చిన్న భాగం.