మునిగి తేలిన తరువాత

భారతకథలో దుర్యోధనుడు జలస్తంభన విద్యాబలంతో ద్వైపాయన హ్రదంలో దాగిన ఘట్టం మన విద్యార్థులు ఎరుగనిది కాదు. నీటి అడుగున నిలువగలగాలన్న కోరిక మానవునికి ఎంత పాతదో ఆ కథే చెబుతుంది. కురురాజుకు మంత్రం సాధించిపెట్టిన పనిని మనకాలంలో యంత్రం సాధించింది. 1943లో ఫ్రాన్సు దేశంలో నౌకాదళాధికారి జాక్ కూస్తో, ఇంజనీరు ఎమిల్ గాన్యాన్ కలిసి రూపొందించిన ‘ఆక్వాలంగ్’ నేటి స్కూబా పరికరాలకు మూలమని చెప్పవచ్చును. అయితే మంత్రానికీ యంత్రానికీ ఒక భేదం ఉన్నది. మడుగు వెడలిన దుర్యోధనుడు గద భుజాన వేసుకొని యుద్ధానికి నడిచాడు. కడిగి ఆరబెట్టవలసిన సామాను అతనికి లేదు. నేటివానికి ఆ వెసులుబాటు లేదు.

అండమాన్ దీవులలోని స్వరాజ్ ద్వీప్ మన దేశంలో ఈ క్రీడకు ప్రసిద్ధ కేంద్రం. 2018 వరకు దాని పేరు హేవ్‌లాక్. తెలుగువారికి ఆ దీవులు పరాయివి కావు. విశాఖ రేవునుంచి అక్కడికి ఓడలు నడుస్తున్నవి, తెలుగు కుటుంబాలెన్నో అక్కడ స్థిరపడినవి. అక్కడ సముద్రంలో మునిగి ఒడ్డు చేరినవాని తడిసామాను ఒకసారి చూడండి: కంటి అద్దం, కాళ్ళకు తొడిగే రెక్కలు, నియోప్రీన్ రబ్బరుతో చేసిన వెట్‌సూట్, బి.సి.డి. అనే గాలికోటు, అన్నిటికన్న ముఖ్యంగా రెగ్యులేటర్. సిలిండర్ సాధారణంగా స్థానికంగా దొరికేదే. తక్కినవాటిని అనుభవజ్ఞులు తమవే తెచ్చుకొంటారు. వీటిని తడితోనే సంచిలో కుక్కి ఇంటిదారి పడితే ఏమవుతుంది?

ఇందులో నీటికన్న నీటిలోని ఉప్పు ప్రమాదకరమైనది. లీటరు సముద్రజలంలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటవి. నీరు ఆవిరైపోగా లవణం స్ఫటికమై కవాటాల సందులలో, జిప్పు పళ్ళ నడుమ ఇసుక వలె కూర్చుంటుంది. పైగా వానాకాలంలో వంటింటి ఉప్పుజాడీ చెమర్చడం ఎరుగని ఇల్లాలు లేదు. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకొంటుంది. కడగని వెట్‌సూట్ సంగతీ అంతే. ఎండినదనుకొన్నది మబ్బు పట్టగానే మళ్ళీ చెమరుస్తుంది. కనుక ఆరబెట్టడానికి తొలిమెట్టు మంచినీటితో కడగడం. దీవులలో మంచినీరు విలువైనది. తొట్టె ఒక్కటే అయినప్పుడు నోటికీ ముఖానికీ తగిలేవి ముందుగా, కాళ్ళకు తొడిగేవి చివరగా ముంచడం మర్యాద.

రెగ్యులేటర్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. సిలిండర్‌లో 200 బార్ల దాకా ఉండే గాలి ఒత్తిడిని తగ్గించి, ఊపిరికి తగినంతగా నోటికి అందించడం దాని పని. కడిగేముందు గాలి ప్రవేశించే ద్వారాన్ని, దాని మూతను పొడిగా తుడిచి బిగించాలి. నీటిలో నానుతున్నప్పుడు నోటిభాగం మీది మీటను నొక్కరాదు. నొక్కితే కవాటం తెరుచుకొని నీరు గొట్టం వెంట లోపలికి పాకుతుంది. అక్కడ చేరిన నీరు ఎవరి కంటా పడదు. కొన్నాళ్ళకు లోహం చిలుము పడుతుంది, కవాటం సరిగా మూసుకోదు. ఆ లోపం ఒడ్డున బయటపడితే అదృష్టమే. 18 మీటర్ల లోతున గాలి ఆగక పొంగిపోయినప్పుడు బయటపడితే, ఆ మనిషి ప్రాణం అతని నిబ్బరం మీద, పక్కనున్న సహచరుని మీద ఆధారపడుతుంది.

గాలికోటు లోపలికి కూడా సముద్రజలం చేరుతుంది. గొట్టం ద్వారా మంచినీరు పోసి, కుదిపి, తలక్రిందులుచేసి వంపివేయాలి. పిమ్మట కొంత గాలి నింపి వ్రేలాడదీయాలి. లేనిచో లోపలి పొరలు అతుక్కొని, తడి నిలిచి బూజు పడుతుంది.

ఆరబెట్టడమనగానే మనకు ఎండ స్ఫురిస్తుంది. వడియాలకూ ఒరుగులకూ ఎండ కావాలి. నియోప్రీన్‌కు నీడ, గాలి కావాలి. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు దానిని పెళుసెక్కిస్తవి. వెట్‌సూట్‌ను మొదట లోపలివైపు పైకి త్రిప్పి, నడుము దగ్గర లావుపాటి కర్రమీద వేయాలి. భుజాలను సన్నని తీగకు తగిలిస్తే అక్కడ నొక్కుపడి సాగిపోతవి. ఒకవైపు ఆరిన తరువాత రెండవవైపు త్రిప్పాలి.

ఇంత తీరిక ప్రయాణికునికి ఎక్కడిదని అడగవచ్చును. వరుసగా పలుమార్లు, పలు దినాలు మునిగినవారు విమానం ఎక్కేముందు కనీసం 18 గంటలు ఆగాలని డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సూచిస్తున్నది. లోతులోని ఒత్తిడివల్ల శరీరంలో కరిగిన నత్రజని మెల్లగా వెడలిపోవాలి; తొందరపడి పైకెగిరితే అది బుడగలై వ్యాధి తెస్తుంది. మనిషి నత్రజనిని వదిలే ఆ గంటలలోనే సామాను నీటిని వదలగలదు.

తేమగాలి వీచే దీవిలో ఒక్కొక్కప్పుడు ఆ వ్యవధీ చాలదు. అప్పుడు తడి వెట్‌సూట్‌ను నీరు కారని సంచిలో వేరుగా ఉంచి, ఆరిన రెగ్యులేటర్‌ను దానికి దూరంగా సర్దాలి. గొట్టాలను వెడల్పుగా చుట్టాలి గాని విరిచి మడవరాదు. టార్చిదీపాల బ్యాటరీలు ఊడదీసి, చేతిసంచిలో తీసుకొనిపోవాలి. ఇల్లు చేరగానే అన్ని మూటలకన్న ముందు ఆ తడిసంచి విప్పాలి. కారు డిక్కీలో మరచిన సంచిలో వేడి, తేమ కలిసి నాలుగురోజులలో దుర్గంధాన్నీ బూజునూ పెంచుతవి.

ఏరు దాటి తెప్ప తగలవేయడమని మనవారు కృతఘ్నతకు ఒక సామెత చెప్పారు. నూలువలల కాలంలో మన జాలరులు ఎంత అలసినా వలను తీరాన ఆరవేసి గాని ఊరుకొనేవారు కారు. తడివల కుళ్ళితే మరునాటి కూడు పోతుందని వారికి తెలుసు. స్కూబా పరికరం అద్దెదైతే ఒకరి నోటినుంచి మరొకరి నోటికి పోతుంది. దానిని కడిగి ఆరబెట్టేవాడు తాను ఎన్నడూ చూడబోని మనిషి ఊపిరికి కాపలా కాస్తున్నాడు. బడి ప్రయోగశాలలో గాజుగొట్టం కడిగిపెట్టే విద్యార్థి చేస్తున్నదీ ఇటువంటి పనే. విజయదశమికి ఏటా ఒకసారి పనిముట్లకు పూజచేసే జాతి మనది. పనిముట్టుకు మాత్రం వాడిన ప్రతిదినమూ ఆ శ్రద్ధ కావాలి.