పాల సంఘానికి సొంత బండి: కొనే ముందు, కొన్న తరువాత

ఉదయం పాల సేకరణ ముగిసి, కొలతలు, వెన్న పరీక్షలు అయిపోయి, క్యానులు సంఘం వాకిట్లో వరుసగా నిలబడి ఉంటాయి. రావలసిన బండి రాదు. కార్యదర్శి ఒకసారి రోడ్డు వంక, ఒకసారి గడియారం వంక చూస్తూ ఉంటాడు. ఇది మన సంఘాలలో చాలమందికి అనుభవమే. పచ్చిపాలలోని సూక్ష్మజీవులు వేడికి త్వరత్వరగా రెట్టింపు అవుతూ పోతాయి. పితికిన నాలుగు గంటలలోగా పాలు 4 డిగ్రీల సెంటిగ్రేడుకు చల్లబడకపోతే వాటి నాణ్యత నిలువదు. ఎండాకాలంలో ఆ గడువు ఇంకా తగ్గించుకోవాలి. అందువలననే "కిరాయి బండితో ఈ బాధ ఎందుకు, సంఘమే ఒకటి కొంటే పోదా?" అన్న మాట సర్వసభ్య సమావేశాలలో తరచు వినవస్తున్నది.

ఈ ప్రశ్నకు అవునని గాని, కాదని గాని అందరికీ ఒకే జవాబు చెప్పుటకు వీలు లేదు. సొంత బండి వలన బాగుపడిన సంఘాలను మేము చూచినాము. దాని వలన బోనసు పోగొట్టుకున్న సంఘాన్ని కూడా చూచినాము. ముందుగా ఆ రెండవ సంఘం సంగతి చెప్పడం మంచిదని తోచుచున్నది.

మా తనిఖీ పరిధిలోని ఆ సంఘం డిసెంబరు నెలలో తీర్మానం చేసింది. గేదెలు ఈని పాలు పొంగుతున్న రోజులు. పూటకు పన్నెండు క్యానులు నిండుతున్నవి. ఆ లెక్క మీదనే పాలకవర్గం అప్పు తీసుకుని నాలుగు చక్రాల చిన్న బండి కొన్నది. మే నెల వచ్చేసరికి పూటకు ఐదు క్యానులు మిగిలినవి. డ్రైవరు జీతం తగ్గలేదు, అప్పు వాయిదా తగ్గలేదు. రెండేళ్లు సభ్యులకు బోనసు లేదు. ఆ బోనసు మీద ఆశ పెట్టుకుని పిల్లల ఫీజులకు, దాణా బాకీలకు లెక్క వేసుకున్న కుటుంబాలు అందులో ఉన్నవి. ఆ తీర్మానం మేము కూడా చూచినాము. కొటేషన్లు ఉన్నవా, సంతకాలు సరిగా ఉన్నవా అని చూచి ముందుకు పోయినాము. వేసవి పాల లెక్క ఎక్కడ అని అడుగలేదు. ఆ లోపం మాది కూడ. మరొక సంఘానికి అట్లు జరుగరాదనియే ఈ వ్యాసం.

1. ముందు పాల లెక్క

గత మూడు సంవత్సరాల సేకరణ రిజిస్టర్లు తీసి నెలవారీ సగటు వ్రాసుకొనవలెను. బండి పరిమాణాన్ని ఎక్కువ పాలున్న నెలలను బట్టి, బండి కొనాలా వద్దా అన్నది తక్కువ పాలున్న నెలలను బట్టి నిర్ణయించవలెను. ఈ రెంటినీ కలగాపులగం చేయడం వలననే పై సంఘానికి నష్టం వచ్చింది. పొంగు రోజులలో పాలు మిగిలిపోతే అదనపు కిరాయి బండి పిలువవచ్చు. వేసవిలో ఖాళీగా ఉన్న బండికి మాత్రం జీతం ఎవరూ ఇవ్వరు.

2. బరువు లెక్క

పాలు నీళ్లకంటె కొంచెం బరువు. లీటరు సుమారు 1.03 కిలోలు. కనుక 40 లీటర్ల క్యానులో పాలు 41 కిలోలు దాటుతవి. ఖాళీ క్యాను బరువు రకాన్ని బట్టి మారుతుంది. మీ క్యానును కాటా మీద పెట్టి చూచుకొనండి. నిండిన క్యాను ఒకటికి 50 కిలోలు అనుకుంటే లెక్క సులభం.

ఇక బండి ఎంత మోయగలదు? అమ్మేవారి మాట మీద ఆధారపడవద్దు. రిజిస్ట్రేషను పత్రంలో స్థూల బరువు, ఖాళీ బరువు అని రెండు అంకెలు ఉంటవి. మొదటి దానిలో నుండి రెండవది తీసివేస్తే వచ్చేదే మోయదగిన బరువు. ఖాళీ బరువులో డ్రైవరు, సహాయకుడు చేరరని చాలమందికి తెలియదు. వారిద్దరి బరువు, సుమారు 130 కిలోలు, పై శేషంలో నుండియే పోవలెను. అర టన్ను మోసే మూడు చక్రాల బండి అయితే 500లో 130 పోగా 370 మిగులును. అంటే ఏడు క్యానులు. ముప్పావు టన్ను మోసే నాలుగు చక్రాల చిన్న బండి అయితే 620 మిగులును. అంటే పన్నెండు క్యానులు. తిరుగు ప్రయాణంలో దాణా బస్తాలు తెచ్చే సంఘాలు ఖాళీ క్యానుల బరువును కూడా కలుపుకుని ఇదే లెక్క వేసుకొనవలెను.

అధిక బరువుకు మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణ ద్వారా పెట్టిన జరిమానా 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2,000 రూపాయలు. జరిమానా సంగతి అటుంచినా, బరువెక్కిన బండికి వాలులో బ్రేకు పట్టదు.

3. ఏ రకం బండి?

సభ్యులలో ఒకరి కుమారుడు అమెరికాలో ఉద్యోగం చేస్తూ, అక్కడి పశుక్షేత్రాలలో తిరిగే చిన్న బండి ఫోటో పంపినాడట. రెండు సీట్లు పక్కపక్కన, వెనుక చిన్న తొట్టి, లావైన టైర్లు. "మనకూ ఇదే సరిపోతుంది కదా?" అని ఒక అధ్యక్షులు మమ్ములను అడిగినారు. కవాసాకి కంపెనీ 'మ్యూల్' అనే పేరుతో 1988 నుండి అమ్ముతున్నది ఆ జాతి బండియే. వందల ఎకరాలు ఒకే కంచెలో ఉన్న చోట గడ్డి, కంచె సామాను, జబ్బుపడిన దూడ వంటివి మోయుటకు అది మంచి సాధనం. కాని మన పాలు ఊరి వీధి నుండి పంచాయతీ రోడ్డు ఎక్కి, అక్కడ నుండి పెద్ద రోడ్డు మీదుగా పోవలెను. మన దేశంలో అటువంటి బండ్లు సాధారణంగా రోడ్డు రిజిస్ట్రేషను లేకుండా, పొలాలలో, తోటలలో, ఆటస్థలాలలో తిరుగుటకు మాత్రమే అమ్ముడుపోతున్నవి. సొంత పెద్ద తోట ఉన్నవారికి సరే, పాల సంఘానికి అది పనికిరాదు. ఆ బండి నడిపేవారికి అక్కడ చెప్పే జాగ్రత్త ఒకటి మాత్రం మనకూ పనికివచ్చును. బరువు ఎంత ఎత్తున ఉంటే, మలుపులో బండి అంత త్వరగా పల్టీ కొట్టును. తొట్టిలో మనుషులు ఎక్కరాదు.

మనకు అందుబాటులో ఉన్నవి ఇవి.

మూడు చక్రాల సరుకుల బండి: ధర తక్కువ, ఇరుకు సందులలో తిరుగును. మలుపులలో నిలకడ తక్కువ. రోజుకు ఏడెనిమిది క్యానులు, పది కిలోమీటర్ల లోపు దూరం ఉన్న సంఘానికి సరిపోవును.

నాలుగు చక్రాల చిన్న బండి: 2005లో టాటా ఏస్ వచ్చిన తరువాత పల్లెలలో ఈ తరగతి బండ్లు విస్తారంగా వ్యాపించినవి. మరమ్మతు చేయగలవారు మండల కేంద్రాలలోనే దొరకుట దీని గొప్ప సదుపాయం. ఎక్కువ సంఘాలకు మేము దీనినే సూచించుచున్నాము.

కరెంటుతో నడిచే మూడు చక్రాల బండి: కిలోమీటరు ఖర్చు తక్కువ. రోజూ పోయే దారి ఒకటే, దూరం నిర్ణీతం కనుక పాల పనికి బాగానే కుదురును. కాని ఉదయం పూట, సాయంత్రం పూట మధ్య ఛార్జింగు పూర్తి అగునా, మీ ఊరిలో కరెంటు నిలకడ ఎట్లున్నది, బ్యాటరీకి హామీ ఎన్నేళ్లు అన్నవి వ్రాతపూర్వకంగా తేల్చుకొనవలెను.

ట్రాక్టరు, ట్రాలీ: ఎవరి ఇంటనో ఉన్నది కదా అని పాలకు వాడుట కనిపిస్తున్నది. వ్యవసాయ పనికని రిజిస్టరై, ఆ పనికే భీమా చేసిన ట్రాక్టరును కిరాయికి త్రిప్పితే ప్రమాదం జరిగినప్పుడు చిక్కు వచ్చును. నెమ్మది వలన పాలకు కూడా మంచిది కాదు.

నల్లరేగడి ఊళ్లవారు బండి అడుగుభాగం నేలకు ఎంత ఎత్తున ఉన్నదో కొలిచి చూడవలెను. కొనే ముందు నిండు క్యానులతోనే, మీ దారిలోనే ఒకసారి నడిపించి చూడండి. షోరూము ముందరి తారు రోడ్డు మీద అన్ని బండ్లూ మంచివే.

4. ఖర్చు లెక్క

క్రింది అంకెలు లెక్క తెలియుటకు వేసిన ఊహా అంకెలు మాత్రమే. మీ ఊరి అంకెలు మీరు వేసుకొనవలెను. బండి ధర 6,00,000 రూపాయలు. ఎనిమిదేళ్ల తరువాత 1,20,000కు అమ్ముడుపోవుననుకొందాము. రోజుకు 40 కిలోమీటర్లు, సంవత్సరానికి 14,600.

తరుగుదల: 60,000
సగటు పెట్టుబడి మీద నూటికి 10 చొప్పున వడ్డీ: 36,000
భీమా, పన్ను, ఫిట్‌నెస్: 35,000
డ్రైవరు జీతం: 1,44,000
ఇంధనం, లీటరుకు 16 కిలోమీటర్లు, లీటరు 100 రూపాయల చొప్పున: 91,250
టైర్లు, మరమ్మతులు: 40,000
మొత్తం: 4,06,250 రూపాయలు

సంవత్సరం సగటున రోజుకు 500 లీటర్లు పోతే లీటరుకు పడేది 2 రూపాయల 23 పైసలు. అదే 250 లీటర్లు పోతే 4 రూపాయల 45 పైసలు. బండి అదే, దారి అదే, డ్రైవరు అతనే. పాలు సగమైతే రవాణా ఖర్చు రెట్టింపు. పై మొత్తంలో మొదటి నాలుగు పద్దులు, అంటే 2,75,000 రూపాయలు, బండి కదిలినా కదలకున్నా అయ్యే ఖర్చు అని గమనించగలరు. ఇప్పుడు ఇస్తున్న కిరాయి లీటరుకు ఎంత పడుచున్నదో దీని పక్కన వ్రాయండి. కిరాయి తక్కువైతే కొనవద్దు. ఆ బండి వేళకు వచ్చేటట్లు ఒప్పందంలో ఆలస్యానికి కోత వ్రాయించుకొనుట చాలును.

తరుగుదల పద్దును చాలా సంఘాలు పుస్తకంలో వ్రాసి ఊరుకుంటున్నవి. ఆ మొత్తాన్ని ఏటేటా బ్యాంకులో విడిగా వేస్తేనే ఎనిమిదేళ్ల తరువాత రెండవ బండి అప్పు లేకుండా వచ్చును.

5. కాగితాలు

బండి సంఘం పేరుననే ఉండవలెను. అధ్యక్షుల పేరున గాని, కార్యదర్శి పేరున గాని తీసుకొనుట ఎంత నమ్మకస్తులైనా తగదు. పాలకవర్గ తీర్మానం, సర్వసభ్య సమావేశం ఆమోదం, ఉపవిధుల ప్రకారం అవసరమైన పై అనుమతి, మూడు కొటేషన్లు ఫైలులో ఉండవలెను.

స్థూల బరువు 3,000 కిలోలు మించని సరుకు బండికి చట్టప్రకారం పర్మిటు అవసరం లేదు. ఫిట్‌నెస్ పత్రం మాత్రం తప్పదు. కొత్త బండికి రెండేళ్లు, ఆ తరువాత ఎనిమిదేళ్ల వయసు వచ్చేవరకు రెండేళ్లకొకసారి, ఆపైన ఏటేటా. డ్రైవరుకు తేలికపాటి మోటారు వాహనం లైసెన్సు ఉంటే 7,500 కిలోల స్థూల బరువు లోపు రవాణా వాహనం నడుపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో స్పష్టం చేసినది. లైసెన్సు గడువు తేదీ మాత్రం మీరు వ్రాసి ఉంచుకొనవలెను.

6. మనుషులను ఎక్కించరాదు

ఇది అన్నిటికంటె ముఖ్యం. సంత రోజున ఆడవారు, బడి పిల్లలు "మన సంఘం బండియే కదా" అని క్యానుల మీద ఎక్కుట మామూలైనది. సరుకు బండిలో ఊరకే ఎక్కిన ప్రయాణికునికి భీమా కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2003లోనే తీర్పు చెప్పినది. మాకు తెలిసిన ఒక ఊరిలో అట్లు ఎక్కిన సభ్యురాలి కాలు విరిగినది. భీమా రాలేదు. సంఘం చేతి నుండి పెట్టుకున్నది. ఆమె మాత్రం తిరిగి గేదె పాలు పితుకలేకపోయినది. డ్రైవరుకు మొహమాటం లేకుండా తీర్మానం చేసి, ఆ తీర్మానం నకలును బండి తలుపు మీద అంటించండి.

7. పోషణ

లాగు పుస్తకం బండిలోనే ఉండవలెను. బయలుదేరిన వేళ, చేరిన వేళ, మీటరు అంకె, పోయించిన ఇంధనం ఏ రోజుకారోజు వ్రాయవలెను. లీటరుకు వచ్చే కిలోమీటర్లు హఠాత్తుగా తగ్గితే బండికి జబ్బు చేసినదనో, ఇంధనం దారి తప్పుచున్నదనో గ్రహించవలెను.

మన దారుల దుమ్ముకు ఎయిర్ ఫిల్టరు త్వరగా పూడుకొనును. పుస్తకంలో చెప్పిన గడువు కంటె ముందే శుభ్రం చేయించండి. ఒలికిన పాలు రేకును తినివేయును కనుక తొట్టిని ప్రతి పూటా కడుగవలెను. పాలతోపాటు పురుగు మందు, ఎరువు, కిరసనాయిలు ఎన్నడూ పెట్టరాదు. పాలు వాసనను ఇట్టే పట్టుకొనును. క్యానులను నిండుగా నింపి మోకుతో కట్టవలెను. సగం నిండిన క్యాను దారి పొడవునా చిలికినట్లై వెన్న తేలును. అప్పుడు వెన్న శాతం తేడా వచ్చి సంఘానికి కోత పడును. ఎండలో తడి గోనెలు, పైన టార్పాలిను కప్పుట మరువరాదు.

మొదట చెప్పిన సంఘం ఏమైనదని అడుగుదురేమో. బండి అమ్మివేయుదామని సభ్యులు పట్టుపట్టినారు. చివరకు అదే దారిలోని రెండు పొరుగు సంఘాలతో లీటరు చొప్పున ఒప్పందం వ్రాసుకున్నారు. ఇప్పుడు ఆ బండి వేసవిలో కూడా పది క్యానులకు తక్కువ కాకుండా పోవుచున్నది. గత సంవత్సరం బోనసు పంచినారు. మూడు ఊళ్లు కలిసి మొదటే కూర్చుని ఉంటే ఆ రెండేళ్ల నష్టం ఉండేది కాదు.

కనుక బండి కొనదలచిన సంఘాలు షోరూముకు పోవుటకు ముందు పొరుగు ఊరి సంఘానికి పోవలెననియు, మూడేళ్ల సేకరణ లెక్క, లీటరు ఖర్చు లెక్క సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించిన తరువాతనే చెయ్యెత్తించవలెననియు అధ్యక్ష, కార్యదర్శులకు మా మనవి. తనిఖీకి వచ్చినప్పుడు ఇకమీదట మేము మొదట అడిగే కాగితం కూడ అదే.