యాంటీబయాటిక్ మందే తాళంచెవి

రహస్య సందేశాన్ని తెరిచే తాళంచెవి ఒక యాంటీబయాటిక్ మందు కావచ్చా? అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త డేవిడ్ వాల్ట్ బృందం 2011లో దీన్ని చేసి చూపింది.

జన్యుమార్పిడి చేసిన 7 రకాల ఇ.కోలి బ్యాక్టీరియాను వారు వాడారు. ఒక్కో రకం ఒక్కో రంగులో మెరిసే ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. రెండేసి చుక్కలకు ఒక అక్షరం చొప్పున 49 సంకేతాలు వస్తాయి. ఈ చుక్కలను పల్చటి పొరపైకి ఎక్కించి టపాలో పంపవచ్చు. అందుకున్నవారు సరైన యాంటీబయాటిక్ కలిపిన పోషక పదార్థంపై వాటిని పెంచాలి. ఆ మందును తట్టుకునే బ్యాక్టీరియా మాత్రమే బతుకుతుంది, అసలు సందేశం బయటపడుతుంది. వేరే మందు వాడితే తప్పుడు సందేశం కనిపిస్తుంది.

అయితే యాంటీబయాటిక్‌లు కొన్నే ఉన్నాయి. ఒక్కొక్కటీ వాడి చూస్తే తాళం ఎప్పుడో ఒకప్పుడు తెరుచుకుంటుంది. అందుకే ఇది కంప్యూటర్ పాస్‌వర్డ్‌కు ప్రత్యామ్నాయం కాదు. అసలు సందేశం ఉందన్న సంగతినే దాచడం దీని బలం.