లండన్ పెరట్లో రామచిలుకల రచ్చ

చిలక కొట్టిన జామపండే తియ్యన అని మురిసిపోతాం మనం. లండన్ శివార్ల వాసులకు ఆ మురిపెం లేదు. చిన్న పిట్టల కోసం తోటలో వేలాడదీసిన గింజల డబ్బా మీద రామచిలుకల గుంపు వాలిందంటే మిగతావి దగ్గరికి రావు. పైగా చెవులు చిల్లులు పడే అరుపులు.

పెంపుడు పక్షిగా వెళ్లిన ఈ చిలుక 1969లో ఇంగ్లండ్‌లోని కెంట్‌లో స్వేచ్ఛగా పిల్లలను పొదిగినట్టు నమోదైంది. గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ వదిలిన జంట సంతానమే ఇవన్న కథకు ఆధారాల్లేవని 2019 నాటి అధ్యయనం తేల్చింది. పంజరాల నుంచి తప్పించుకున్నవి, యజమానులు వదిలేసినవే వీటి పూర్వీకులు.

అసలు పేచీ చెట్టు తొర్రల దగ్గర. చలి పూర్తిగా తగ్గకముందే చిలుకలు వాటిని ఆక్రమిస్తాయి. ఆలస్యంగా వచ్చే స్థానిక పక్షులకు గూడు కరువు. బెల్జియంలో నట్‌హాచ్ పిట్టకు ఎదురైన చిక్కు ఇదే.

తీవ్ర పంటనష్టాన్ని ఆపడానికి వీటిని చంపేందుకు ఇంగ్లండ్ 2010లో సాధారణ లైసెన్సు ఇచ్చింది. మన దేశంలో వీటిని పట్టినా, అమ్మినా నేరమే. అయినా జోస్యగాళ్ల పంజరాలు ఖాళీ కాలేదు. అక్కడ బెడద, ఇక్కడ బందీ. రెండింటికీ మూలం పంజరమే.