‘త్వరలో’ అంటే ఎప్పుడు?

సెప్టెంబర్ మొదటి వారం. రాత్రి పదకొండింటికి ఫోన్ మోగింది. కరీంనగర్ నుంచి మావాడు. ఇంజినీరింగ్‌లో నా రూమ్మేట్. పట్టా చేతికొచ్చిన ఏడాదికే దాన్ని పక్కన పెట్టేసి, ఇంటి మేడమీద గదిలో చిన్న స్టూడియో పెట్టుకున్నాడు. జానపద పాటలు రికార్డు చేసి యూట్యూబ్ ఛానెళ్లకు ఇస్తుంటాడు.

“అరేయ్, నువ్వు సాఫ్ట్‌వేరే గదా. జర చూడురా, పాట ఓపెన్ అయితలేదు” అన్నాడు.

అది బతుకమ్మ పాట. పెత్రమాసకు ముందే యూట్యూబ్‌లో పడాలి. ఆ తర్వాత పడితే పండగ అయిపోయాక పూలు కోసినట్టే. పాడేవాళ్లు పాడేశారు, వీడియో షూటింగ్ కూడా అయిపోయింది. ఫైనల్ మిక్స్ ఒక్కటే బాకీ. సరిగ్గా అప్పుడే పాత ల్యాప్‌టాప్ చచ్చిపోయింది. అప్పు చేసి కొత్తది కొన్నాడు. పాట మొత్తం హార్డ్ డిస్కులో భద్రంగానే ఉంది. కానీ దాన్ని తెరవాల్సిన సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్, కొత్త ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ కూడా కావట్లేదు.

“మరి కొత్త వెర్షన్?” అని అడిగా.

“జనవరిలనే పైసలు కట్టిన. ఇంకా రాలే.”

## ఏడు నెలల ‘త్వరలో’

కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. జరిగింది మాత్రం ఇది. ముందే కొనుక్కుంటే తగ్గింపు అన్నారు. మావాడు పద్నాలుగు వేలు కట్టాడు. మార్చిలో వస్తుందన్నారు. మార్చిలో ‘నాణ్యత కోసం మరికొంత సమయం తీసుకుంటున్నాం’ అని ఒక్క లైను పెట్టారు. మేలో ‘త్వరలో’ అన్నారు. ఆ తర్వాత అదీ లేదు. మెయిల్ పెడితే టికెట్ నంబర్ వస్తుంది. ఆ నంబర్‌తో మళ్లీ మెయిల్ పెడితే ఇంకో టికెట్ నంబర్ వస్తుంది. వాడి దగ్గర అలాంటివి ఆరు నంబర్లు పోగయ్యాయి.

తమాషా ఏంటంటే, కంపెనీ పూర్తిగా మౌనంగా ఏమీ లేదు. వాడి ఇన్‌బాక్స్‌కు ప్రతి పండక్కీ డిస్కౌంట్ మెయిళ్లు వస్తూనే ఉన్నాయి. అమ్మేవాళ్లకు నోరుంది. జవాబు చెప్పాల్సినవాళ్లకే లేదు.

## ఆలస్యం తప్పు కాదు

నేనూ కోడ్ రాసేవాణ్నే కాబట్టి ముందుగా కంపెనీ పక్షాన ఒక మాట చెప్పాలి. మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ రాయడం మామూలు విషయం కాదు.

మనం వాడే షాపింగ్ యాప్ అర సెకను ఆలస్యమైతే ఎవరూ పట్టించుకోరు. పాటకు ఆ వెసులుబాటు లేదు. సాధారణంగా సెకను శబ్దాన్ని 44,100 ముక్కలుగా కోసి కంప్యూటర్‌కు ఇస్తారు. రికార్డింగ్ చేసేటప్పుడు ఒక్కోసారి 128 ముక్కల చొప్పున పంపిస్తారు. అంటే ప్రతి 3 మిల్లీసెకన్లలోపు లెక్కంతా పూర్తి కావాలి. ఒక్కసారి ఆలస్యమైనా స్పీకర్‌లో ‘టిక్’ మంటుంది. పాడేవాళ్ల మంచి టేక్ అక్కడితో పాడైపోతుంది.

దీనికి తోడు ప్లగిన్లు. ఫ్లూట్ ఒక కంపెనీది, ఎకో ఒక కంపెనీది, గొంతు సరిచేసేది మరో కంపెనీది. అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్ లోపల నడవాలి. పెళ్లింట్లో పది ఊళ్ల చుట్టాలను ఒకే గదిలో పడుకోబెట్టినట్టు ఉంటుంది వ్యవహారం. అందులో ఒక చుట్టం అలిగినా ఇల్లంతా మేలుకోవాల్సిందే. పైగా కింద నేల కూడా కదులుతుంటుంది. 2019లో మ్యాక్‌లో ఆపిల్ 32 బిట్ సాఫ్ట్‌వేర్లను పూర్తిగా ఆపేసింది. 2020 చివర్లో ప్రాసెసర్‌నే మార్చేసింది. అలా మారిన ప్రతిసారీ ఈ కంపెనీలన్నీ పాత కోడ్‌ను మళ్లీ విప్పుకోవాలి.

కాబట్టి ఆలస్యం జరుగుతుంది. మార్చి అన్నది సెప్టెంబర్ కావొచ్చు. దానికి నేను కోప్పడను. నా కోపమంతా మౌనం మీదే.

## బయటికి రెండూ ఒకటే

మౌనంతో చిక్కేంటో రెండు కథలు చెబితే అర్థమవుతుంది.

ఆపిల్ వాళ్ల లాజిక్ ప్రో 9 వచ్చింది 2009లో. తర్వాతి పెద్ద వెర్షన్ లాజిక్ ప్రో ఎక్స్ వచ్చింది 2013 జులైలో. మధ్యలో నాలుగేళ్లు. రాబోయే వాటి గురించి ముందుగా చెప్పే అలవాటు ఆపిల్‌కు లేదు. ఇక లాజిక్‌ను వదిలేశారేమో అని వాడేవాళ్లు భయపడ్డారు. చివరికి మంచే జరిగింది. కొత్తది వచ్చింది, బాగుంది, ఇప్పటికీ నడుస్తోంది.

రెండో కథ సోనార్‌ది. కేక్‌వాక్ కంపెనీ తయారుచేసిన సాఫ్ట్‌వేర్. ఆ కంపెనీని 2013లో గిటార్లు చేసే గిబ్సన్ కొన్నది. 2016లో ‘ఒక్కసారి కొనండి, జీవితాంతం అప్‌డేట్లు’ అని సోనార్ అమ్మారు. నమ్మి కొన్నారు జనం. 2017 నవంబర్‌లో కేక్‌వాక్ అభివృద్ధి ఆపేస్తున్నామని గిబ్సన్ ప్రకటించింది. జీవితాంతం అన్నది ఏడాదిన్నర కూడా నిలవలేదు. అదృష్టం కొద్దీ 2018లో సింగపూర్‌కు చెందిన బ్యాండ్‌ల్యాబ్ దాన్ని కొని, ఉచితంగా ఇవ్వడంతో పాత పాటలు బతికిపోయాయి.

లాజిక్ వాడేవాళ్లు 2012లో ఏం విన్నారు? ఏమీ వినలేదు. సోనార్ కొన్నవాళ్లకు తలుపులు మూసేముందు ఎవరైనా గంట కొట్టారా? కొట్టలేదు. మంచి కబురుకు ముందుండే మౌనం, చావు కబురుకు ముందుండే మౌనం బయటున్నవాళ్లకు అచ్చం ఒకేలా వినిపిస్తాయి. ఉండాలా, వేరేదానికి మారాలా అన్నది తేల్చుకోలేరు. నష్టమంతా అక్కడే.

మావాడు దీన్ని నాకంటే బాగా చెప్పాడు. “డప్పు ఆగితె భయం లేదురా. మళ్ల దెబ్బ ఎప్పుడు పడ్తదో ఎరుకుంటది. ఇండ్ల లెక్క లేదు.”

## నోరు విప్పినవాళ్లూ ఉన్నారు

ఏబుల్టన్ అనే జర్మన్ కంపెనీ 2010లో ఒక పని చేసింది. తమ లైవ్ 8 వెర్షన్‌లో బగ్స్ ఎక్కువున్నాయని ఒప్పుకుంది. కొత్త ఫీచర్ల పని ఆపి ముందు వాటిని సరిచేస్తామని బహిరంగంగా చెప్పింది. లైవ్ 9 కోసం 2013 దాకా ఆగాల్సి వచ్చింది. ఎందుకు ఆగుతున్నారో మాత్రం జనానికి తెలుసు.

ఇంకా మంచి ఉదాహరణ డోరికో. స్వరాలను కాగితం మీదికి ఎక్కించే సిబెలియస్ సాఫ్ట్‌వేర్ టీమ్ లండన్‌లో ఉండేది. 2012లో యజమాని కంపెనీ ఆ ఆఫీసు మూసేసింది. అదే టీమ్‌ను స్టైన్‌బర్గ్ తీసుకుంది. మొదటి గీత నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ రాయడం మొదలుపెట్టారు. అమ్మడానికి చేతిలో ఏమీ లేదు. అయినా 2013 నుంచే చేస్తున్న పని గురించి వివరంగా రాస్తూ వచ్చారు. డోరికో బయటికొచ్చింది 2016 అక్టోబర్‌లో. అప్పటికీ కార్డ్ సింబల్స్ లాంటి ముఖ్యమైనవి లేవు. 2017లో చేర్చారు. ఇన్నేళ్లు ఓపిక పట్టింది కూడా మనలాంటి కస్టమర్లే.

చెడు కబురైనా సరే, చెబితే మేలే. 1988 నుంచి ఉన్న ఫినాలే సాఫ్ట్‌వేర్‌ను 2024 ఆగస్టులో ఆపేస్తున్నామని దాని కంపెనీ ప్రకటించింది. డోరికోకు మారాలనుకునేవాళ్లకు తగ్గింపు ధర ఇప్పించింది. ఏడాది తర్వాత కొత్త కంప్యూటర్లలో యాక్టివేషన్ కుదరదంటే జనం గొడవ చేశారు. వెంటనే ఆ మాట వెనక్కి తీసుకుంది. కబురు తెలిసింది కాబట్టే గొడవ చేయగలిగారు. మౌనంతో ఎవరు గొడవ పడగలరు?

## నా టికెట్ కథ

ఇదంతా ఫోన్‌లో మావాడికి ఆవేశంగా చెబుతుంటే వాడు ఒక ప్రశ్న అడిగాడు. “మీ ఆఫీసుల గిట్లనే చేస్తరా?”

లేదని చెప్పబోయి ఆగిపోయాను.

మాది సంగీతం కాదు, షాపుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. ఒక క్లయింట్ ఏప్రిల్ నుంచి ఒక రిపోర్ట్ అడుగుతున్నాడు. నాకే అప్పగించారు. రెండు వారాలు చేశాక ఇంకో అర్జెంట్ పని మీద పడి దాన్ని పక్కన పెట్టాను. ప్రతి సోమవారం క్లయింట్ మెయిల్ వచ్చేది. ప్రతి సోమవారం ‘పని జరుగుతోంది’ అని నేనే జవాబిచ్చేవాణ్ని. నిజానికి దాదాపు మూడు నెలలుగా ఆ ఫైలు తెరవనే లేదు.

ఎందుకు చెప్పలేదు? తేదీ చెబితే దానికి కట్టుబడాలి. తప్పితే తిట్లు. చెప్పకపోతే ఆ గొడవే లేదు. మా మేనేజర్ కూడా ‘డేట్ మాత్రం ఇవ్వకు’ అనేవాడు. పెద్ద కంపెనీల్లో ఇంకా కారణాలు తోడవుతాయి. కొత్తది వస్తోందంటే పాతది ఎవరూ కొనరన్న భయం. కంపెనీ చేతులు మారే బేరాలు. మెయిళ్లకు జవాబిచ్చే సపోర్ట్ వాళ్లకు అసలు సంగతి తెలియకపోవడం. కానీ అన్నింటికీ మూలం నాకు తెలిసిన ఆ పిరికితనమే. ఇవాళ్టి తిట్లు రేపటికి వాయిదా వేయడం.

మర్నాడు ఆఫీసుకెళ్లి క్లయింట్‌కు ఉన్నదున్నట్టు రాశాను. జులై నుంచి పని ఆగిపోయిందనో, మధ్యలో ఏదో అయిందనో కట్టుకథలు చెప్పకుండా, ఎప్పటి నుంచి ముట్టుకోలేదో, ఇంకా ఎన్ని రోజుల పని ఉందో రాశాను. మొదటి జవాబు నిప్పులు కురిసింది. సాయంత్రం రెండో మెయిల్ వచ్చింది. ‘సరే, అప్పటిదాకా డేటా ఎక్సెల్‌లో ఇవ్వగలరా? మా అకౌంటెంట్ చూసుకుంటాడు.’ అరగంట పని. ఏప్రిల్‌లోనే ఇచ్చి ఉండొచ్చు.

## పాట ఏమైంది?

ఆ శనివారం నా కాలేజీ నాటి ల్యాప్‌టాప్ దుమ్ము దులిపి, జేబీఎస్‌లో కరీంనగర్ బస్సెక్కాను. అందులో పాత ఓఎస్ అలాగే ఉంది. వాడి లైసెన్స్ రెండు కంప్యూటర్లకు పనిచేస్తుంది కాబట్టి బతికిపోయాం. పాత వెర్షన్ ఎక్కింది. ప్రాజెక్ట్ తెరుచుకుంది. మొత్తం 46 ట్రాకులు. డప్పు, డోలక్, కోరస్, అన్నీ ఒక్కొక్కటిగా ఆడియో ఫైళ్లుగా బయటికి తీసేసరికి తెల్లారింది.

ఫ్లూట్, తంబూరా వాయించే ప్లగిన్ మాత్రం ఆ ముసలి ల్యాప్‌టాప్‌లో నడవలేదు. వాటిని వేరే సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ చేసుకున్నాడు. కొత్త సాఫ్ట్‌వేర్ చేతికి అలవాటు కాక మిక్సింగ్ ఇంకో పది రోజులు పట్టింది. పాట బతుకమ్మ మూడో రోజు విడుదలైంది. బాగుందన్నారు. కానీ అప్పటికే వాడల్లో వేరే పాటలు మోగుతున్నాయి. ఆ ఛానెల్ తర్వాతి పాటను ఇంకో స్టూడియోకు ఇచ్చింది. కంపెనీ లెక్కల్లో వాడు ఆరు టికెట్లు. వాడి లెక్కలో అది ఒక సీజన్.

## మీరూ ఇందులో ఉంటే

పాటలే కానక్కర్లేదు. వీడియో ఎడిటింగ్, డిజైన్, ఏ సాఫ్ట్‌వేర్‌తో బతుకుతున్నా ఈ నాలుగూ గుర్తుంచుకోండి.

ఇవాళ ఉన్నదాన్నే కొనండి. ‘రాబోయే ఫీచర్’ను చూసి డబ్బు కట్టొద్దు.

పని పూర్తవగానే ప్రతి ట్రాక్‌నూ ఆడియో ఫైల్‌గా, వాయిద్యాల స్వరాలను మిడి ఫైల్‌గా దాచుకోండి. వేవ్ ఫైల్‌ను ఏ సాఫ్ట్‌వేర్ అయినా తెరుస్తుంది. ప్రాజెక్ట్ ఫైల్‌కు మాత్రం ఒక్కరే యజమాని.

సీజన్ మధ్యలో ఓఎస్ అప్‌డేట్ నొక్కొద్దు. పాత ఇన్‌స్టాలర్లు, లైసెన్స్ వివరాలు పారేయొద్దు.

ముందే కట్టినది రాకపోతే ‘త్వరలో’ను నమ్ముకుని కూర్చోవద్దు. డబ్బు వాపసుకూ, కార్డు బ్యాంకులో ఫిర్యాదుకూ గడువులుంటాయి. మౌనం ఆ గడువులను తినేస్తుంది. చెప్పిన తేదీ దాటగానే రాతపూర్వకంగా అడగండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915.

మావాడు ఇంకా ఆ సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా వదల్లేదు. ఎనిమిదేళ్ల చేతి అలవాటు అంత తొందరగా పోదు. “రానీ, వస్తె చూద్దాం” అంటాడు. నేను మాత్రం ఆఫీసులో సోమవారం మెయిళ్లకు ‘పని జరుగుతోంది’ అని రాయడం మానేశాను. జరగకపోతే జరగట్లేదనే రాస్తున్నాను. తిట్లు ఇప్పటికీ పడుతున్నాయి. కాకపోతే అవతలివాళ్లు ఆ రోజే ఇంకో దారి వెతుక్కుంటున్నారు.