సురభి నాటకములు

కడప జిల్లా చక్రాయపేట మండలమున సురభి యను చిన్న పల్లె కలదు. అది పులివెందుల శాసనసభా నియోజకవర్గములోనిది. జమ్మలమడుగు చెంతనున్న గండికోటకు పెన్నానది లోయయు, రాతికోటయు కీర్తి దెచ్చినవి. ప్రొద్దుటూరునకు బంగారు వర్తకులును, పుట్టపర్తి నారాయణాచార్యులవంటి కవులును పేరు దెచ్చిరి. సురభికి పేరు దెచ్చినది మాత్రము ఒక్క రాత్రి యాడిన నాటకము.

వనారస కుటుంబమువారి పూర్వులు మహారాష్ట్ర ప్రాంతమునుండి తరలివచ్చినవారు. ఇంట మరాఠీ మాటలాడుచు, ఊరూర తెలుగున తోలుబొమ్మలాట లాడి పొట్ట పోసికొనుచుండిరి. 1885వ సంవత్సరమున సురభిలో నొక వివాహ సందర్భమున వారు కీచకవధను బొమ్మలతో గాక, తామే వేషములు ధరించి ప్రదర్శించిరని చెప్పుదురు. తెరవెనుక దీపపు వెలుగున బొమ్మ నాడించు మనిషి ఆనాడు తెరముందునకు వచ్చెను. పద్యమును రాగయుక్తముగా పాడుట, పాత్రకు తగినట్లు గొంతు మార్చుట, హాస్యముతో జనులను నిలుపుట మున్నగునవి వారికి క్రొత్త విద్యలు గావు. క్రొత్తది ముఖమును చూపుటయే. వీరిలో వనారస గోవిందరావు ఈ సమాజమునకు మూలపురుషుడు.

తెలుగుదేశమున నాటకము అప్పుడప్పుడే వేళ్ళూనుచుండెను. ధార్వాడ సమాజమువారు రాజమహేంద్రవరము వచ్చి నాటకము లాడిన పిమ్మట, 1880లో కందుకూరి వీరేశలింగము పంతులు తన విద్యార్థులచే నాటకము లాడించెను. బళ్ళారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులు నాటకములు రచించి ఆడించెను. వారు చదువుకొన్నవారు, నాటకము వారికి అభిరుచి. సురభివారికో, అది అన్నము. టిక్కెట్టు తెగనినాడు పొయ్యి వెలుగదు. ఈ భేదమును గుర్తింపక వారి కళను తూచుట న్యాయము గాదు.

ఆ కాలమున స్త్రీపాత్రలను సాధారణముగా పురుషులే ధరించుచుండిరి. స్థానము నరసింహారావు అట్టి పాత్రలవలననే గొప్ప కీర్తి గడించెను. సురభివారు మాత్రము తమ ఇంటి ఆడపడుచులను, కోడండ్రను రంగమెక్కించిరి. స్త్రీ రంగస్థలమున నిలుచుటయే తప్పని లోకులు తలచిన దినములలో ఇది చిన్న సాహసము గాదు. 1932లో వెలువడిన తొలి తెలుగు వాక్చిత్రము భక్తప్రహ్లాదకు నటులు కావలసివచ్చినపుడు, దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి సురభివారినే ఆశ్రయించెను. అందు లీలావతి పాత్రను ధరించినది సురభి కమలాబాయి.

వీరి సమాజము వేరు, కుటుంబము వేరు గాదు. పసివాడు బాలకృష్ణుడగును, కొంచెమెదిగి లవుడో కుశుడో యగును, యౌవనమున అర్జునుడై, ముదిమిలో హార్మోనియము ముందు కూర్చుండును. తెరలు కట్టుట, రంగులు పూయుట, దుస్తులు కుట్టుట యన్నియు వారి పనులే. సంతానము పెరిగినకొలది సమాజములును చీలి, ఒకప్పుడు పదులసంఖ్యకు చేరినవి.

సురభి యనగానే జనులకు తోచునది మాయాజాలము. మాయాబజారు నాటకమున ఘటోత్కచుడు గాలిలో తేలివచ్చును. పౌరాణిక యుద్ధములందు ఇరుప్రక్కలనుండి వచ్చిన బాణములు నడుమ ఢీకొని నిప్పులు రాల్చును. దీని మర్మము సన్నని తీగ, గట్టి త్రాడు, కప్పీ, నల్లని తెర. నటుని నడుమునకు పట్టెడ బిగించి, దానికి తీగ కట్టి, పైనున్న కప్పీమీదుగా త్రాటిని ప్రక్కకు దెచ్చి మనుష్యులు లాగుదురు. నల్లతెర ముందు తీగ కంటికి కానరాదు. అయితే పద్యపు చివరి మాటకును, త్రాటి లాగుడునకును పొత్తు కుదురవలెను. ఒక్క క్షణము ముందైనను నటుడు రాగము మధ్య పైకెగిరిపోవును. చేయి జారినచో ఎముకలే విరుగును. చప్పట్లు కొట్టువారు నటుని చూతురు గాని, త్రాడు పట్టినవారిని చూడరు.

సినిమాయు, పిమ్మట టెలివిజనును వచ్చినవెనుక డేరాలు వెలవెలబోయినవి. పెక్కు సమాజములు మూతపడినవి. నిలిచినవానిలో శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి ముఖ్యమైనది. 1990వ దశకమున కన్నడ దర్శకుడు బి.వి. కారంత్ సురభి నటులతో పనిచేసి, భీష్మ, చండీప్రియ, బస్తీ దేవత యాదమ్మ యను నాటకములను సిద్ధపరచెను. మూడవది జర్మను రచయిత బ్రెక్ట్ నాటకమునకు అనుసరణము. పురాణములు తప్ప వీరికి వేరొకటి రాదన్న మాట దీనితో తీరినది. మండలిని నడపిన రేకందార్ నాగేశ్వరరావునకు, అనగా సురభి బాబ్జీకి, 2013లో పద్మశ్రీ లభించెను. ఆ సంవత్సరమే మండలి ఫ్రాన్సు దేశమున ప్రదర్శన లిచ్చెను. ఆయన 2022లో గతించెను.

త్రాడు లాగు విద్య గ్రంథములలో లేదు. తండ్రి ప్రక్క నిలిచి కుమారుడు నేర్చుకొనవలసినదే. నేటి పిల్లలు పాఠశాలలకు, కళాశాలలకు పోవుచున్నారు. అందు తప్పేమియు లేదు. అయినను ఒక యువకుడు ఉద్యోగమునకై మండలిని వీడిననాడు, ఆ రాత్రి ఘటోత్కచుని త్రాటికి మరియొక చేయి వెదకవలసియుండును.