తల్లిపాలు తల్లి ఒక్కదాని బాధ్యతా?



ఏటా ఆగస్టు 1 నుండి 7 వరకు ప్రపంచమంతటా తల్లిపాల వారోత్సవాలు జరుగుతాయి. 1990 ఆగస్టులో ఇటలీలోని ఫ్లోరెన్సు నగరంలో అనేక దేశాలు కలిసి తల్లిపాల రక్షణ కోసం ఒక ప్రకటన చేశాయి. దానికి గుర్తుగా 1992 నుండి ఈ వారాన్ని పాటిస్తున్నారు. మన వరంగల్‌లోనూ ఆ రోజుల్లో ఆసుపత్రి గోడల మీద, అంగన్‌వాడీ కేంద్రాల్లో పోస్టర్లు కనిపిస్తాయి. ఆ పోస్టర్లలో సాధారణంగా ఇద్దరే ఉంటారు, తల్లి, బిడ్డ. భర్త ఉండడు, అత్త ఉండదు, నర్సు ఉండదు, యజమాని ఉండడు, సంఘం అసలే ఉండదు. అందుకే బిడ్డకు పాలు అందకపోతే తప్పంతా తల్లిదే అన్నట్టు మాట్లాడటం మనకు అలవాటైపోయింది. లెక్కలు మాత్రం వేరే సంగతి చెబుతున్నాయి.

లెక్కలు ఏమి చెబుతున్నాయి?

బిడ్డ పుట్టిన గంటలోపే తల్లిపాలు పట్టాలి. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా పట్టకూడదు. ఆ తర్వాత ఇంటి ఆహారం మొదలుపెట్టి, రెండేళ్లు లేదా అంతకు మించి పాలు కొనసాగించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇది.

మన దేశంలో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఈ విషయాలను లెక్కగడుతుంది. 2005-06లో ఆరు నెలల లోపు పిల్లల్లో నూటికి 46 మందికి మాత్రమే కేవలం తల్లిపాలు అందేవి. 2015-16 నాటికి అది 55 అయింది. 2019-21 నాటికి 64కు చేరింది. ఇది సంతోషించవలసిన మార్పు. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, ఏఎన్ఎంలు ఇంటింటికీ తిరిగి చెప్పిన మాటకు ఇందులో పెద్ద వాటా ఉంది.

అయితే మొదటి గంట లెక్క అలా లేదు. 2005-06లో నూటికి 23 మందికి గంటలోపు పాలు పట్టారు. 2015-16కు అది సుమారు 42 అయింది. 2019-21లోనూ 42 దగ్గరే ఆగిపోయింది. తెలంగాణలో అయితే ఇంకా తక్కువ, సుమారు 37 మాత్రమే. విచిత్రమేమంటే మన రాష్ట్రంలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. దేశం మొత్తం మీద ఆ లెక్క 89 మాత్రమే. డాక్టరు ఉన్నాడు, నర్సు ఉంది, మంచం ఉంది. అయినా నూటికి అరవై మందికి పైగా పసిబిడ్డలకు మొదటి గంటలో తల్లి రొమ్ము దొరకడం లేదు.

ఆసుపత్రిలో ఏమి జరుగుతోంది?

ప్రధాన కారణాల్లో ఒకటి సిజేరియన్. అదే సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి దాదాపు 61 కాన్పులు ఆపరేషన్ ద్వారానే జరిగాయి. ప్రైవేటు ఆసుపత్రుల్లో అది 80 దాటింది. దేశ సగటు 21.5. ప్రాణం కాపాడే ఆపరేషన్ దేవుడు ఇచ్చిన మేలే, దాన్ని తక్కువ చేయనక్కరలేదు. కానీ నొప్పుల భయంతో, అనుకూలమైన తేదీ కోసం, ముహూర్తం కోసం చేయించే ఆపరేషన్లూ ఉన్నాయి. ముహూర్తాలు నమ్మమని చెప్పుకునే మన ఇళ్లలోనూ తేదీ ముందే అనుకొని ఆసుపత్రికి వెళ్లేవారు లేకపోలేదు.

ఆపరేషన్ తర్వాత తల్లి ఒకచోట, బిడ్డ ఒకచోట. బిడ్డ ఏడ్చేసరికి బయట వరండాలో ఉన్న బంధువుల చేతికి ఇస్తారు. వారు ఎవరో ఒకరు తేనె నాకిస్తారు, లేదా డబ్బా పాలు కలిపి పట్టిస్తారు. నిజానికి వెన్నులో మత్తు ఇచ్చి ఆపరేషన్ చేసినప్పుడు తల్లి మెలకువతోనే ఉంటుంది. ఆమె స్థిమితంగా ఉంటే, పక్కన ఎవరైనా సాయం పడితే, ఆ మొదటి గంటలోనే బిడ్డను రొమ్ముకు అందించవచ్చు. పుట్టిన వెంటనే బిడ్డ చురుగ్గా ఉంటుంది, తర్వాత చాలాసేపు నిద్రలోకి జారుకుంటుంది. ఆ సమయం దాటిపోతే పాలు పట్టడం మరింత కష్టమవుతుంది. బిడ్డ చీకినప్పుడు తల్లి శరీరంలో విడుదలయ్యే ఆక్సిటోసిన్ గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది, రక్తస్రావాన్ని తగ్గిస్తుంది. అంటే ఆ గంట బిడ్డకే కాదు, తల్లికీ మేలే.

ఇంట్లో ఏమి జరుగుతోంది?

ఆవు ఈనిందంటే జున్నుపాల కోసం వీధంతా ఎదురుచూస్తుంది. ఆ జున్ను బలమని పంచుకొని తింటాం. కానీ తల్లి ముర్రుపాలు పసుపుగా, చిక్కగా ఉన్నాయని పిండి పారబోయించిన ఇళ్లు ఎన్నో! రోగాలను ఎదిరించే శక్తి ఎక్కువగా ఉండేది ఆ ముర్రుపాలలోనే. బిడ్డకు అది మొదటి టీకా వంటిది. దూడకు దేవుడు ఏర్పాటు చేసిన దానిని రుచిగా తిని, మన బిడ్డకు ఏర్పాటు చేసిన దానిని నేల పాలు చేయడం ఏమి వివేకం?

ముర్రుపాలు కొద్దిగానే వస్తాయి. అప్పుడే పుట్టిన బిడ్డ పొట్టకు ఆ కొద్దే చాలు. పాలు నిండుగా పడటానికి రెండు మూడు రోజులు, ఆపరేషన్ అయితే మరికొంత సమయం పట్టవచ్చు. ఈ లోపలే చూడటానికి వచ్చిన వారు "పాలు పడలేదా?" అని అడగడం మొదలుపెడతారు. బాలింత బెదిరిపోతుంది. సీసా వస్తుంది. సీసాతో కడుపు నిండిన బిడ్డ రొమ్ము చీకదు. చీకకపోతే పాలు ఊరవు. ఎంత చీకితే అంత ఊరడమే తల్లిపాల లెక్క. చివరికి "నాకు పాలు లేవు" అని ఆ తల్లి నమ్ముతుంది.

పాలు సరిపోతున్నాయో లేదో తెలుసుకోవడానికి తేలికైన గుర్తులు ఉన్నాయి. అయిదో రోజు దాటాక బిడ్డ రోజుకు ఆరు సార్లు, అంతకు మించి మూత్రం పోస్తుండాలి. రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు తిరిగి రావాలి. అలా జరగకపోతే పొరుగింటి సలహా కాదు, డాక్టరు దగ్గరకు వెళ్లాలి. రోహిణి కార్తె ఎండల్లో కూడా ఆరు నెలల లోపు బిడ్డకు మంచినీళ్లు అవసరం లేదు. తల్లిపాలలో నూటికి 87 వంతులకు పైగా నీరే. నీళ్లు తాగవలసింది తల్లి. కానీ మన ఇళ్లలో పథ్యం పేరుతో బాలింతకే నీళ్లు, కూరలు కట్టడి చేస్తాం, బిడ్డకేమో గాడిద పాలు, గ్రైప్ వాటర్ పట్టిస్తాం.

డబ్బా వెనుక వ్యాపారం

పాలపొడి కంపెనీల ప్రచారం మీద ప్రపంచంలో పెద్ద పోరాటమే జరిగింది. అందులో క్రైస్తవులూ ఉన్నారు. పేద దేశాల్లో మంచినీరు, శుభ్రత లేని ఇళ్లకు పాలపొడి అమ్మడం పిల్లల ప్రాణాలు తీస్తోందని 1970లలో గొంతులు లేచాయి. 1976లో అమెరికాలో సిస్టర్స్ ఆఫ్ ద ప్రెషస్ బ్లడ్ అనే కన్యాస్త్రీల సమాజం, ఒక పాలపొడి కంపెనీలో తమకున్న వాటాల హక్కుతోనే ఆ కంపెనీని కోర్టుకు ఈడ్చింది. 1981లో ప్రపంచ ఆరోగ్య మహాసభ ఇటువంటి ప్రచారానికి హద్దులు పెడుతూ నియమావళిని ఆమోదించింది. దానికి 118 దేశాలు ఓటు వేశాయి, వ్యతిరేకించింది అమెరికా ఒక్కటే.

మన దేశం 1992లో చట్టం చేసి, 2003లో దాన్ని ఇంకా గట్టి చేసింది. రెండేళ్ల లోపు పిల్లల పాలపొడి, ఆహారం, పాలసీసాలకు ప్రకటనలు ఇవ్వరాదు. తల్లులకు ఉచిత నమూనాలు పంచరాదు. పాలపొడి డబ్బా మీద పసిబిడ్డ బొమ్మ వేయరాదు. ఈ చట్టం మన సంఘస్థులందరికీ తెలియాలి. బిడ్డను చూడటానికి వెళ్తూ పాలసీసా కానుకగా తీసుకువెళ్లే అలవాటును కూడా మానుకోవాలి.

పనికి వెళ్లే తల్లి

2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం, పదిమంది లేక అంతకు మించి పనిచేసే సంస్థల్లో మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల జీతంతో కూడిన సెలవును హక్కుగా చేసింది. 26 వారాలంటే ఆరు నెలలు. తిరిగి పనిలో చేరాక బిడ్డకు 15 నెలలు వచ్చేవరకు రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం ఇవ్వాలి. మన సంఘాలు, మిషన్ సంస్థలు నడిపే బడుల్లో, ఆసుపత్రుల్లో టీచర్లకు, నర్సులకు ఇది అందుతోందా? ఆదివారం తల్లి ప్రేమను గురించి ప్రసంగించి, సోమవారం బాలింతను రాజీనామా చేయమంటే ఆ ప్రసంగానికి విలువ ఏమిటి?

మిరప తోటలో కాయ ఏరే తల్లికి, పత్తి తీసే తల్లికి ఈ సెలవు లేదు. ఉపాధి హామీ పని దగ్గర చిన్నపిల్లలు అయిదుగురు ఉంటే వారిని చూసుకోవడానికి ఒక స్త్రీని పెట్టాలని నియమం ఉంది. అడిగితేనే అమలవుతుంది. పని మీద బయటకు వెళ్లే తల్లి పాలు పిండి శుభ్రమైన గిన్నెలో ఫ్రిజ్‌లో పెడితే 24 గంటలు వాడుకోవచ్చు. సీసాతో కాక ఉగ్గుగిన్నెతో పట్టాలి. మన అమ్మమ్మల ఉగ్గుగిన్నెను నేటి వైద్యులే మెచ్చుకుంటున్నారు, ఎందుకంటే అది సీసా కంటే శుభ్రం చేయడం తేలిక.

ఎల్కానా చేసిన పని

ఇప్పుడు వాక్యం దగ్గరకు వద్దాం. 1 సమూయేలు మొదటి అధ్యాయంలో హన్నా ప్రార్థనను మనం ఎన్నోసార్లు ధ్యానించాం. 21 నుండి 23 వచనాల దగ్గర మాత్రం త్వరగా దాటిపోతాం. ఎల్కానా ఏటేటా అర్పించే బలి కోసం ఇంటివారందరితో షిలోహుకు బయలుదేరాడు. హన్నా వెళ్లలేదు. బిడ్డ పాలు మానేవరకు రానని భర్తతో చెప్పింది. మొక్కుబడి చేసుకున్న స్త్రీ, దేవుడు వరమిచ్చిన స్త్రీ, ఆరాధన ప్రయాణానికే రానంది! ఎల్కానా ఆమెను ఒత్తిడి చేయలేదు. నీకు మంచిదని తోచినట్టే చేయమని, పాలు మాన్పించేవరకు ఇంట్లోనే ఉండమని ఒప్పుకున్నాడు. సమూయేలు ప్రవక్త కాకముందు పాలు తాగిన బిడ్డ. ఆ పాల వెనుక తల్లి రొమ్ము ఉంది, తండ్రి సమ్మతి ఉంది.

అక్కడ పాలు మాన్పించడానికి వాడిన హీబ్రూ మాట గామల్. అదే మాటను సంఖ్యాకాండము 17:8లో అహరోను కర్రకు బాదం కాయలు పండిన సందర్భంలో, యెషయా 18:5లో ద్రాక్షకాయ పక్వానికి వచ్చే సందర్భంలో వాడారు. లేఖనం దృష్టిలో పాలు మానడమంటే తెంచివేయడం కాదు, పండటం. కాయను ముందే తెంపకూడదు.

ఆదికాండము 33లో యాకోబు, పాలిచ్చే పశువులు తన వెంట ఉన్నాయని, వాటి నడకకు తగినట్టే నిదానంగా వస్తానని ఏశావుకు చెప్పాడు. యోవేలు 2:16లో ఉపవాస సమాజానికి పాలు తాగే పసివారిని కూడా సమకూర్చమని పిలుపు ఉంది. దేవుని సమాజంలో వారికి చోటు ఉంది. వారి వేగానికి సమాజమే తగ్గాలి.

సంఘం చేయగలిగినవి

మన ఆరాధన రెండు మూడు గంటలు సాగుతుంది. పాలిచ్చే తల్లి చెట్టు కిందో, చెప్పుల దగ్గరో కూర్చుంటుంది, లేదా ఏడాదిపాటు ఆలయానికే రాదు. మందిరంలో ఒక మూల తెర కట్టి, ఒక ఫ్యాను, కుర్చీ, ప్రసంగం వినిపించే స్పీకరు పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు. బిడ్డ ఏడ్చినప్పుడు వెనక్కి తిరిగి చూడకపోవడానికి అసలు ఖర్చే లేదు. స్త్రీల సమాజంలో పిల్లలను పెంచిన అనుభవం గల సహోదరీలు బాలింతలను మొదటి వారంలోనే దర్శించి ధైర్యం చెప్పాలి. పెళ్లికి ముందు ఇచ్చే ఉపదేశంలో యౌవనస్థులకు ఎల్కానా సంగతి కూడా చెప్పాలి. రాత్రి బిడ్డను ఎత్తుకోవడం, భార్యకు వేళకు అన్నం పెట్టడం, వచ్చేవారి మాటల నుండి ఆమెను కాపాడటం భర్త పని.

చివరిగా ఒక మనవి. అనారోగ్యం వల్ల, మందుల వల్ల, బిడ్డ నెలలు నిండక పుట్టడం వల్ల పాలివ్వలేని తల్లులు ఉన్నారు. తల్లిని కోల్పోయిన పసివారు ఉన్నారు. డాక్టరు సలహాతో డబ్బా పాలు పట్టే తల్లి ఏ పాపమూ చేయడం లేదు. ఆమెను ప్రశ్నించే హక్కు మనకు లేదు. ఈ వ్యాసం ఆమె మీద భారం మోపడానికి కాదు, ఇంతకాలం పోస్టరులో కనిపించని మన అందరి మీద ఉన్న భారాన్ని గుర్తు చేయడానికే.

మందలో పాలిచ్చువాటిని మెల్లగా నడిపించే మన కాపరి, మన కుటుంబాలకును సంఘములకును అదే మనస్సు దయచేయును గాక. ఆమేన్.